ఉప్పుగాలికి ఏ ఫ్రేమ్ ఆగుతుంది?

కార్బన్ ఫ్రేమ్‌కు తుప్పు పట్టదు. సైకిళ్లు అమ్మేవాళ్లు చెప్పే మాటల్లో ఇది ముమ్మాటికీ నిజం. అయినా మైపాడు రోడ్డు మీద రెండు మూడేళ్లు తిరిగిన కార్బన్ బండి ఎక్కడైనా కనిపిస్తే ఒకసారి వంగి దగ్గరగా చూడండి. డౌన్ ట్యూబ్ మీద నీళ్ల సీసా కేజ్‌ను పట్టి ఉంచే రెండు చిన్న బోల్టులు ఉంటాయి. ఆ బండిని సరిగా కడగకుండా వాడి ఉంటే, వాటి చుట్టూ రంగు బుడగలు బుడగలుగా లేచి ఉంటుంది. గోటితో గీకితే పెచ్చు ఊడి కింద తెల్లటి పొడి కనిపిస్తుంది. అలెన్ కీ పెట్టి తిప్పబోతే బోల్టుతో పాటు అది దిగిన అల్యూమినియం బుష్ కూడా ఫ్రేమ్‌లో గిర్రున తిరుగుతుంది. ఇక ఆ బోల్టు ఒక పట్టాన బయటికి రాదు.

పాడైంది కార్బన్ కాదు, కార్బన్‌ను అంటిపెట్టుకుని ఉన్న లోహం. దాన్ని తినేసిన నేరం ఉప్పుది ఒక్కదానిదే అనుకుంటాం గానీ, పక్కనే చెక్కుచెదరకుండా నిగనిగలాడుతున్న కార్బన్‌కూ అందులో సగం వాటా ఉంది. నెల్లూరు తీరాన తక్కువ ధరలో కార్బన్ ఫ్రేమ్ కొనాలనుకునేవాళ్లు మొట్టమొదట పట్టించుకోవాల్సింది ఇదేనని నా అభిప్రాయం. ఎన్ని గ్రాములు, ఏ గ్రేడు ఫైబర్, గాలిని ఎంత బాగా కోస్తుంది అన్నవి ఆ తర్వాతి మాటలు. దుకాణంలో మాత్రం సంభాషణ ఎప్పుడూ వాటితోనే మొదలవుతుంది.

నెల్లూరులో రోడ్ బైక్ తొక్కేవాళ్లకు దారులకు కొదవ లేదు. మైపాడు గేటు దగ్గర బయల్దేరి ఇందుకూరుపేట మీదుగా పాతిక కిలోమీటర్లు తొక్కితే సముద్రం. ఇటు ముత్తుకూరు మీదుగా కృష్ణపట్నం రేవు, కాకపోతే అటు లారీలతో సహవాసం చేయాలి. దూరాలు తొక్కాలనుకుంటే 16వ నంబరు జాతీయ రహదారి ఉండనే ఉంది. పదమూడున్నర గంటల్లో 200 కిలోమీటర్లు పూర్తిచేయాలనే బ్రెవే సవారీల మీద మోజు పడ్డవాళ్లకు అదే రాచబాట. ఏడాది రెండేళ్లు అల్యూమినియం బండి తొక్కాక మనసు కార్బన్ మీదికి మళ్లడం సహజం. పెద్ద కంపెనీ వాళ్ల అన్నిటికంటే చవకైన కార్బన్ మోడల్ కొనడం ఒక పద్ధతి. చైనాలో ఒకే అచ్చులో తయారుచేసి నానా పేర్లతో అమ్మే ఓపెన్ మౌల్డ్ ఫ్రేమ్ తెప్పించుకుని, విడిభాగాలు సొంతంగా బిగించుకోవడం మరో పద్ధతి. చెన్నైలోనో హైదరాబాదులోనో ఎవరో వాడి అమ్మేస్తున్న మంచి ఫ్రేమ్ పట్టుకోవడం ఇంకో పద్ధతి. మూడింట్లోనూ లాభనష్టాలున్నాయి. అవి అర్థం కావాలంటే ముందు పదార్థం సంగతి కాస్త తెలియాలి.

చలికోట్ల ఊలులో కలిపే యాక్రిలిక్ దారానికి దగ్గరి చుట్టమైన పాలీయాక్రిలోనైట్రైల్ దారమే కార్బన్ ఫైబర్‌కు ముడిసరుకు. దాన్ని 200 నుంచి 300 డిగ్రీల వేడిలో గాలి తగిలేలా వేయించి, తర్వాత నైట్రోజన్ నిండిన కొలిమిలో వెయ్యి డిగ్రీలు దాటించి కాలుస్తారు. మిగతా మూలకాలన్నీ ఎగిరిపోయి దాదాపు ఒట్టి కార్బన్ మిగులుతుంది. ఒక్కో పోగు మందం సుమారు ఏడు మైక్రాన్లు. జపాన్‌కు చెందిన టోరే కంపెనీ 1971లో టి-300 పేరుతో దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. ఇప్పుడు సైకిల్ ప్రకటనల్లో కనిపించే టి-700, టి-800, టి-1000 అన్నీ ఆ వరసలోవే.

ఈ అంకెల దగ్గరే కొనేవాళ్లు బోల్తా పడతారు. అంకె పెరిగితే ఫ్రేమ్ గట్టిదవుతుందని అనుకుంటారు. టోరే లెక్కల ప్రకారం టి-300 పోగు తెగేదాకా ఓర్చుకునే లాగుడు 3,530 మెగాపాస్కల్స్, టి-700ది 4,900. బలం పెరిగింది, సందేహం లేదు. కానీ లాగితే ఎంత సాగుతుందో చెప్పే కొలత రెండింటికీ ఒకటే, 230 గిగాపాస్కల్స్. పెడల్ మీద నిలబడి తొక్కినప్పుడు ఫ్రేమ్ అటూ ఇటూ ఊగకుండా ఉండటం ఈ రెండో కొలత మీద ఆధారపడుతుంది. టి-800లో అది 294కు చేరుతుంది, అంటే 28 శాతం ఎక్కువ. ఇదే లాభాన్ని ఫైబర్ మార్చకుండానే సాధించవచ్చు. పలుచటి గొట్టం వంగకుండా నిలిచే శక్తి దాని వ్యాసానికి ఘనంగా పెరుగుతుంది కాబట్టి, గోడ మందం అలాగే ఉంచి గొట్టాన్ని పది శాతం లావు చేస్తే 33 శాతం బిగువు వచ్చేస్తుంది. పైగా ఫ్రేమ్ మీద టి-800 అని అచ్చేస్తే అందులో ఎన్ని పొరలు టి-800వో, ఎన్ని అంతకంటే చవకవో బయటి నుంచి కనిపెట్టే మార్గం కొనేవాళ్ల చేతిలో లేదు. స్టిక్కర్ స్టిక్కరే.

అసలు కిటుకు పొరలు ఏ దిక్కున పరిచారన్న దాంట్లో ఉంది. వెదురుబొంగు నిలువునా కత్తి దిగితే చీలిపోతుంది, అడ్డంగా విరగ్గొట్టాలంటే చేతులు నొప్పెడతాయి. కార్బన్ పొర కూడా అంతే. పోగు వెంబడి అది అల్యూమినియంకు దాదాపు రెట్టింపు గట్టిది, పోగుకు అడ్డంగా మాత్రం మిగిలేది జిగురు బలమే. అన్ని దిక్కులకూ సమానంగా పొరలు పరిచేస్తే వచ్చే పలక గట్టిదనం 50 గిగాపాస్కల్స్ దగ్గర ఆగుతుంది, మామూలు అల్యూమినియంది 69. అంటే ఆలోచన లేకుండా పేర్చిన కార్బన్, అంతే మందం అల్యూమినియం కంటే మెత్తనిది. బరువు తక్కువ కాబట్టి గెలుస్తుందంతే. పెడల్ తొక్కుడుకు మెలిపడే డౌన్ ట్యూబ్‌లో 45 డిగ్రీల ఏటవాలు పొరలు, వంగే చోట నిలువు పొరలు, నలిగే చోట చుట్టు పొరలు వేయగలిగిన ఇంజినీరే ఆ ఫైబర్‌కు విలువ తెస్తాడు. మీరు డబ్బు పోసేది ఆ బుర్రకూ, ఆ పొరలు పరిచే చేతులకూ.

చేతులు అన్నది ఊరికే కాదు. జిగురు ముందే పట్టించిన కార్బన్ గుడ్డను గడ్డకట్టేంత చల్లగా నిల్వ చేసి, బయటికి తీసి, ఒక్కో ఫ్రేమ్‌కు కొన్ని వందల ముక్కలుగా కత్తిరించి, మనుషులు కూర్చుని ఒక్కొక్కటే అంటిస్తారు. లోపల గాలితిత్తి పెట్టి, ఇనుప అచ్చులో బిగించి, తిత్తిని ఊది వేడి చేస్తారు. తిత్తి మూలమూలకూ సరిగ్గా నొక్కకపోతే పొరల మధ్య బుడగలు మిగిలిపోతాయి, గుడ్డ ముడతలు పడుతుంది. బుడగలు ఒక్క శాతం పెరిగితే పొరల మధ్య పట్టు ఏడు శాతం దాకా జారిపోతుందని కాంపోజిట్ ఇంజినీర్ల మోటు లెక్క. ఖరీదైన ఫ్రేమ్‌కూ చవక ఫ్రేమ్‌కూ తేడా చాలావరకు ఇక్కడే వస్తుంది. పైన రంగు వేసేశాక రెండూ ఒకేలా మెరుస్తాయి.

మన తీరానికి కార్బన్ కొత్త సరుకేమీ కాదు. 2022 నవంబరు 18న హైదరాబాద్ సంస్థ స్కైరూట్ శ్రీహరికోట నుంచి ఎగరేసిన విక్రమ్-ఎస్ రాకెట్టు ఒళ్లంతా కార్బన్ కాంపోజిటే. 545 కిలోల ఆ రాకెట్టు 89.5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి బంగాళాఖాతంలో పడింది. కార్బన్ వల్ల తగ్గే బరువు రాకెట్టుకు ప్రాణం, అక్కడ ప్రతి గ్రాముకూ ఇంధనం ఖర్చు. సైకిల్‌కు అంత అవసరం ఉందా?

లెక్క వేసి చూద్దాం. మనిషీ బండీ కలిపి 79 కిలోలు, చదును రోడ్డు, గాలి లేదు, గంటకు 30 కిలోమీటర్ల వేగం. ఎదురయ్యే గాలిని తోసుకుంటూ పోవడానికే 115 వాట్ల పైచిలుకు ఖర్చవుతుంది. టైర్లు దొర్లడానికి 40 వాట్లు. ఇప్పుడు అల్యూమినియం ఫ్రేమ్ తీసేసి అరకిలో తక్కువున్న కార్బన్ ఫ్రేమ్ వేశాం. ఆదా అయ్యేది పావు వాట్. ఉన్న ఫ్రేమ్‌కే కాస్త మంచి టైర్లు వేస్తే ఆరేడు వాట్లు మిగులుతాయి. కొండ ఎక్కేటప్పుడు బరువు తెలుస్తుంది కదా అంటారా? తిరుమల కొండంత ఎత్తు, దాదాపు 700 మీటర్లు, 200 వాట్లతో ఎక్కే మనిషికి ఆ అరకిలో వల్ల కలిసొచ్చేది పదిహేడు సెకన్లు. మైపాడు దారిలో అన్నిటికంటే పెద్ద ఎత్తు కాలవ మీది వంతెన. ముప్పాతిక లీటరు సీసాలో నీళ్లు అరకిలో కంటే ఎక్కువ తూగుతాయని కూడా గుర్తుంచుకోండి. కాబట్టి 950 గ్రాముల ఫ్రేమ్‌కూ 1,200 గ్రాముల ఫ్రేమ్‌కూ మధ్య తేల్చుకోలేక నిద్ర పాడుచేసుకునేవాళ్లకు నా సలహా, బరువైనదే తీసుకోండి. చవక ఫ్రేమ్‌లో ఆ 250 గ్రాములు కొంత గోడ మందమే అయి ఉంటుంది. స్టాండు మీంచి పడ్డప్పుడు అదే కాపాడుతుంది.

ఇప్పుడు ఉప్పు సంగతి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి.

కెరటం విరిగినప్పుడల్లా సన్నటి తుంపర గాలిలో కలుస్తుంది. నీరు ఆరిపోయినా ఉప్పు రేణువులు గాలితో కొట్టుకొచ్చి వాకిట్లో, గేటు మీద, ఏసీ డబ్బా మీద, సైకిల్ మీద పడతాయి. మనం వాడే ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే తనంతట తానే నీరుగారిపోతుంది. వానాకాలం ఉప్పు డబ్బా చూసినవాళ్లెవరికీ ఇది కొత్త కాదు. సముద్రపు ఉప్పు ఇంకా గడుసుది. అందులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్ 33 శాతం తేమకే చెమ్మగిల్లుతుంది. మన తీరంలో గాలి అంతకంటే పొడిగా ఉండేది ఏ పడమటి వడగాడ్పు కొట్టిన మధ్యాహ్నమో. అంటే వాన పడకపోయినా, బండి నీళ్లలో దిగకపోయినా, బోల్టు సందుల్లో సన్నటి ఉప్పునీటి పొర ఏడాదిలో చాలా రోజులు ఉంటూనే ఉంటుంది. తొక్కేవాడి చెమట దానికి అదనం. అది కారేది సరిగ్గా హ్యాండిల్ కింద హెడ్‌సెట్ మీదకూ, టాప్ ట్యూబ్ మీదకూ.

ఉప్పునీటి పొర కింద రెండు వేర్వేరు వాహకాలు ఒకదానికొకటి తగిలి ఉంటే అది చిన్న బ్యాటరీ. కార్బన్ కరెంటును బాగానే మోస్తుంది. సముద్రపు నీటిలో లోహాల వరస రాసిన పట్టికలో గ్రాఫైట్ ఒక కొసన ప్లాటినం పక్కన కూర్చుంటుంది, అల్యూమినియం దాదాపు రెండో కొసన ఉంటుంది. రెండింటి మధ్య తేడా ఇంచుమించు ఒక వోల్టు. ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని కరిగిపోయేది అల్యూమినియం. ఆ ఎలక్ట్రాన్లతో గాలిలోని ఆక్సిజన్ కార్బన్ ఉపరితలం మీద తన పని తాను చేసుకుంటుంది. కార్బన్‌కు ఏమీ కాదు, అది వేదిక మాత్రమే. వేదిక ఎంత పెద్దదైతే అల్యూమినియం అంత వేగంగా తరుగుతుంది. ఫ్రేమంతా కార్బన్, దాని మధ్య వేలి గోరంత అల్యూమినియం బుష్. ఇంతకంటే అన్యాయమైన పంపకం ఉండదు. పుట్టిన తెల్లటి హైడ్రాక్సైడ్ పొడి అసలు లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అది ఉబ్బి రంగును లేపుతుంది, జిగురు అతుకును విడదీస్తుంది, సీట్ పోస్ట్‌ను గొట్టంలో బిగించేస్తుంది.

ఇది సైకిల్ పరిశ్రమ ఎప్పుడో నేర్చుకున్న పాఠం. 1986లో గ్రెగ్ లెమాండ్ కార్బన్ గొట్టాల లుక్ బండి మీద టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. ఆ రోజుల్లో కార్బన్ గొట్టాలను అల్యూమినియం జాయింట్లలో జిగురుతో అతికించడమే వాడుక. ఆ కాలపు అలాంటి అతుకు బళ్లలో కొన్ని, కొన్నేళ్లు పోయాక జాయింటు దగ్గర పట్టు వదిలేశాయి. చెమట, చలిదేశాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు, లోపల ఇదే రసాయనం. విమానాలవాళ్లూ ఇదే భయంతో ఉన్నారు. బరువులో సగం కాంపోజిట్ అయిన బోయింగ్ 787లో కార్బన్‌కు తగిలే చాలా చోట్ల అల్యూమినియం మానేసి ఖరీదైనా టైటానియం పెట్టారు. టైటానియం లోహాల పట్టికలో కార్బన్‌కు దగ్గరగా ఉంటుంది, అందుకని గొడవ తక్కువ.

సైకిల్‌లో అంత ఖర్చు పెట్టరు. లోహానికీ కార్బన్‌కూ మధ్య ఒక పొర గాజు ఫైబర్ వేస్తే చాలు, కరెంటు దారి తెగిపోతుంది. జాగ్రత్త గల తయారీదారు ఆ పని చేస్తాడు, చేయనివాడి ఫ్రేమ్ కూడా చూపులకు అలాగే ఉంటుంది. దీన్ని పట్టుకోవడానికి ఎలక్ట్రీషియన్ దగ్గరుండే మల్టీమీటర్ కొంతవరకు పనికొస్తుంది. సీట్ పోస్ట్ బయటికి తీసి, సీట్ ట్యూబ్ నోటి దగ్గర కోసిన అంచులో నల్లటి కార్బన్ బయటపడి ఉన్న చోట ఒక ముల్లు ఆనించండి. రెండోది బాటిల్ బోల్టుకు పెట్టండి. కొద్ది ఓములే చూపిస్తే లోహం కార్బన్‌ను నేరుగా తాకుతోందన్నమాట. ఏమీ చూపించకపోతే మధ్యలో ఏదో అడ్డు ఉంది, లేదా ముల్లు జిగురు పొర మీద ఆగింది. మరో రెండు చోట్ల చూడండి. దుకాణంవాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

ఫ్రేములో లోహం కార్బన్‌ను తాకే చోట్లు లెక్కపెట్టుకోవడమే తీరంలో ఎంపికకు అసలు పద్ధతి. కేజ్ బుష్‌ల సంగతి చెప్పాను. పెడళ్లు తిరిగే బాటమ్ బ్రాకెట్, అదే మన మెకానిక్కుల మాటలో బీబీ, మరో పెద్ద చోటు. రెండు రకాలున్నాయి. మరల బీబీ అయితే కార్బన్ గొట్టంలో అల్యూమినియం గొట్టం ఒకటి అతికించి, దానికి మరలు తీస్తారు. కప్పులు పానాతో బిగించొచ్చు, ఊడదీయొచ్చు. బీఎస్ఏ మర అయితే ఏ ఊళ్లోనైనా విడిభాగాలు దొరుకుతాయి. కానీ ఆ అల్యూమినియం గొట్టం కార్బన్ మధ్యలో ఉందని మరవకండి. ప్రెస్ ఫిట్ రకంలో మరలుండవు, నైలాన్ కప్పు నేరుగా కార్బన్‌లోకి గట్టిగా దిగుతుంది. లోహం లేదు కాబట్టి ఆ రసాయనమూ లేదు. అయితే రంధ్రం గుండ్రదనం మిల్లీమీటరులో నూరో వంతుల దాకా సరిగ్గా రావాలి. చవక అచ్చుల్లో అక్కడే లెక్క తప్పుతుంది, ఆపైన ప్రతి తొక్కుడుకూ కిర్రుకిర్రు. ఆ చప్పుడు బండికి ప్రమాదం కాదు, తొక్కేవాడికి పిచ్చెక్కిస్తుంది. పేరున్న కంపెనీ అయితే రెండింట్లో ఏదైనా పర్లేదు. ఓపెన్ మౌల్డ్ ఫ్రేమ్ అయితే నేను మరల బీబీ వైపే మొగ్గుతాను. వాళ్ల గాజు పొర మీద నాకున్న నమ్మకం కొంచెమే, వాళ్ల రంధ్రం గుండ్రదనం మీద అది కూడా లేదు.

హెడ్‌సెట్ దగ్గర కొత్త ఫ్యాషన్ ఒకటి తీరవాసులకు శాపం. బ్రేకు హోసులు, కేబుళ్లు బయట కనిపించకుండా హ్యాండిల్ లోంచి పై బేరింగు గుండా ఫ్రేములోకి దింపుతారు. చూడటానికి శుభ్రంగా ఉంటుంది, గాలికీ కాస్త మేలు. కానీ చెమటా ఉప్పూ కలిసి ఆ బేరింగును ముందుగా పాడుచేస్తాయి. చవకగా దొరికే ఆ బేరింగు మార్చడానికి బ్రేకు హోసులు కోసి, ఆయిల్ తీసి, మళ్లీ నింపి, సగం బండి విప్పాల్సి వస్తుంది. డౌన్ ట్యూబ్ పక్క రంధ్రంలోంచి కేబుల్ దూరే పాత పద్ధతి ఫ్రేమ్ దొరికితే కళ్లు మూసుకుని అదే తీసుకోండి.

సీట్ పోస్ట్ గుండ్రంగా 27.2 మిల్లీమీటర్లుంటే వరం. గాలిని కోసే ఆకారంలో ఉన్న పోస్టులు ఆ ఫ్రేమ్ కంపెనీవాడి దగ్గర తప్ప దొరకవు. కార్బన్ ఫ్రేములో అల్యూమినియం పోస్ట్ వేస్తే దాన్ని మూడు నెలలకోసారి బయటికి తీసి తుడిచి, కార్బన్ పేస్ట్ పూసి దించాలి. మరిచిపోయినవాళ్లకు అది ఫ్రేములో భాగమైపోతుంది. కార్బన్ పోస్ట్ అయితే ఈ బెడద లేదు. వెనక గేరు వేలాడే హ్యాంగర్ కూడా అల్యూమినియందే. అది వంగడం విరగడం కోసమే పెట్టిన ముక్క, ఫ్రేమును కాపాడి తాను పోతుంది. ఓపెన్ మౌల్డ్ ఫ్రేమ్ కొంటే హ్యాంగర్లు ఇంకో రెండు అప్పుడే తీసిపెట్టుకోవాలి. 2020 నవంబరులో ప్రభుత్వం అలీఎక్స్‌ప్రెస్ యాప్‌ను నిషేధించాక అలాంటి చిల్లర ముక్కలు తెప్పించుకోవడం మరీ తలనొప్పి అయింది. కస్టమ్స్ సుంకం, కొరియర్ కలిపితే ముక్క ధర కంటే రవాణా ఎక్కువవుతుంది. ఇంకో మాట, ఫ్రేముతో పాటు కార్బన్ చక్రాలు కూడా ఊరిస్తుంటాయి. పుల్లల కొసన ఉండే నిపుల్స్ అల్యూమినియంవైతే వద్దనండి, ఇత్తడివి వేయించండి.

గాలిని కోసే ఏరో ఫ్రేముల గురించి రెండు ముక్కలు చాలు. లాభం ఉంది, కానీ ఫ్రేము కంటే పెద్ద గాలిగోడ తొక్కేవాడి ఛాతీ. మోచేతులు వంచి కూర్చోగలిగితే ఏ ఫ్రేమూ ఇవ్వనంత లాభం వస్తుంది. అందుకే ఫ్రేము కొలతలు మన ఒంటికి సరిపోవాలి. స్టాక్ అనే ఎత్తు, రీచ్ అనే పొడవు, ఈ రెండు అంకెలు పట్టికలో చూసి, ఇప్పుడు తొక్కుతున్న బండితో పోల్చుకోండి. రేసు ఫ్రేము మీద నడుం నొప్పితో నిక్కి కూర్చునేవాడి కంటే, కాస్త ఎత్తు ఫ్రేము మీద హాయిగా వంగినవాడే వేగంగా పోతాడు. టైరుకు చోటు కూడా చూసుకోవాలి. మన పల్లె రోడ్ల మీద ఆరబోసిన ధాన్యం, గుర్తు లేని స్పీడ్ బ్రేకర్లు, సముద్రం దగ్గర ఇసుక ఇవన్నీ 25 మిల్లీమీటర్ల టైరుకు శత్రువులు. 32 పట్టని ఫ్రేమును ఈ రోజుల్లో కొనడంలో అర్థం లేదు. ఒళ్లు అదరకుండా కాపాడేది ప్రధానంగా టైరులోని గాలే, కార్బన్ మహిమ ఆ తర్వాతే.

నమ్మకం సంగతికొస్తే, ఐఎస్ఓ 4210 అనే ప్రమాణం ఉంది. అందులో పెడళ్ల మీద మనిషి బరువు మించిన శక్తిని లక్షసార్లు మార్చిమార్చి మోపే పరీక్ష ఒకటి. పరీక్ష పాసైన కాగితం అడిగితే చూపించగలిగినవాడి దగ్గర కొనండి. కంపెనీ బండి అయితే వారంటీ మన దేశంలో ఎవరు తీరుస్తారో, తుప్పును మినహాయించారో లేదో చదవండి, సాధారణంగా మినహాయిస్తారు. ఇక లక్షల ఖరీదు ఇటలీ పేరు అచ్చేసి ముప్పై నలభై వేలకు అమ్మే ఫ్రేములు నకిలీలు. పేరు లేని ఫ్రేమును నమ్మొచ్చేమో గానీ, దొంగపేరు పెట్టుకున్నదాన్ని నమ్మకూడదు. అబద్ధంతో మొదలైనవాడు లోపల పొరలు సక్రమంగా వేశాడని ఎలా అనుకుంటాం?

తీరంలో ఉన్న ఒక ఆశ్చర్యం చెప్పాలి. కాంపోజిట్ మరమ్మతు తెలిసిన మనుషులు ఇక్కడ ప్రతి రేవులోనూ ఉన్నారు. 2004 సునామీ తర్వాత చెక్క తెప్పలు తగ్గి ఫైబర్ బోట్లు పెరిగాయి. వాటికి పగుళ్లొస్తే గాజు చాప ముక్క కోసి, రెసిన్‌లో గట్టిపరిచే మందు కలిపి, రోలరుతో బుడగలు నొక్కేస్తూ పొర మీద పొర వేసే పని ఒడ్డునే జరుగుతుంది. విడిపోయిన పొరను వేలి కణుపుతో కొట్టి చప్పుడును బట్టి కనిపెట్టడం కూడా ఆ పనివాళ్లకు తెలుసు. గట్టిగా ఉన్న చోట టకటక, లోపల వదులైన చోట బొదబొద. సైకిల్ ఫ్రేముకూ ఇదే పరీక్ష, వేలి బదులు రూపాయి బిళ్ల. అలాగని విరిగిన కార్బన్ ఫ్రేమును వాళ్ల చేతిలో పెట్టొద్దు. బోటుకు వాడేది పాలియెస్టర్ రెసిన్, అది ఫ్రేములో గట్టిపడి ఉన్న ఎపాక్సీ జిగురును సరిగ్గా పట్టుకోదు. పైగా బోటులో గోడ మందం పెంచేస్తే సరిపోతుంది. ఫ్రేములో పగులు చుట్టూ మెట్లుమెట్లుగా గీకి, ఏ దిక్కు పొర పోయిందో ఆ దిక్కు పొరే వేయాలి. అది చేసే నిపుణులు వేరే ఉన్నారు.

నన్నడిగితే, సముద్రం చప్పుడు వినిపించేంత దగ్గర ఇల్లున్నవాళ్లకు అల్యూమినియం ఫ్రేము, కార్బన్ ఫోర్క్, మరల బీబీ ఉన్న బండి చాలు. మిగిలిన డబ్బు చక్రాలకూ టైర్లకూ పెట్టుకోవచ్చు. నెల్లూరు టౌనులో ఉండి వారానికోసారి తీరానికి వెళ్లొచ్చేవాళ్లు కార్బన్ కొనొచ్చు, కొంటే పేరున్న కంపెనీ చవక మోడల్. వెళ్లొచ్చిన పూటే మంచినీళ్లతో కడగాలి. ఒడ్డు ఊళ్లలో చాలా చోట్ల బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి, వాటితో కడిగితే కడిగినట్టు కాదు. ప్రెషర్ పంపు బేరింగుల మీదికి కొట్టించకూడదు. బోల్టులన్నీ ఏడాదికోసారి విప్పి, గ్రీజు రాసి, టార్క్ పానాతో ఫ్రేమ్ మీద రాసినంతే బిగించాలి. చాలా చోట్ల అది ఐదు న్యూటన్ మీటర్లు, చేతి అంచనాకు అందని తక్కువ.

సెకండ్ హ్యాండ్ ఫ్రేము చూడ్డానికి వెళ్తే రంగు, స్టిక్కర్లు, కొన్నప్పటి బిల్లు తర్వాత చూద్దురు గాని. ముందు సీటు బోల్టు వదులు చేసి పోస్ట్ మీ ఎదుటే బయటికి లాగమనండి. సులువుగా వస్తే ఆ గొట్టంలోకి టార్చి వేసి చూడండి, బిళ్లతో డౌన్ ట్యూబ్ పొడవునా కొట్టి వినండి, బాటిల్ బోల్టులు విప్పించండి, బీబీ దగ్గర పొడి ఉందేమో తుడిచి చూడండి. పోస్ట్ రాకపోయినా, "కొంచెం టైట్ అండీ, తర్వాత వచ్చేస్తుంది" అని అమ్మేవాడు అన్నా, బేరం మాట్లాడాల్సిన పని లేదు.